ఆగమన్నవాళ్ళు

రెడ్డెమ్మ ఎట్లా చనిపోయిందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తారు. ఆస్పత్రి కాగితంలో గుండె ఆగి చనిపోయిందని రాశారు. గుండె ఆగకుండా చచ్చినవాళ్ళు ఎవరున్నారో నాకు తెలియదు. ఆమె అత్త ఓబులమ్మేమో పుట్టిన పిల్ల నక్షత్రం మంచిది కాదంటుంది. మూల, రెండో పాదం, పుడుతూనే తల్లిని మింగిందంటుంది. మొగుడు రామాంజి ఏమీ అనడు. ఊళ్ళోవాళ్ళు రాత అన్నారు. ఇక్కడ సౌదీలో, బురైదాలో, మాకు వీసా ఇచ్చిన యజమాని, అంటే మా కఫీల్ ఇంట్లో, అల్లా తీసుకున్నాడన్నారు. ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ, ఇరవై రెండేళ్ళ పిల్ల ఎందుకు చచ్చిందో ఒక్కరూ చెప్పలేదు. చివరికి చెప్పింది ఆమె తల్లి గురవమ్మ. నేను రాస్తున్నది ఆ గురవమ్మ గురించి.

గురవమ్మది రైల్వే కోడూరు అవతల చిన్న పల్లె. మాది ఆ పక్కదే. చుట్టరికం లేకపోయినా అత్తా అంటాను. ఆమె మొగుడు లారీ క్లీనరుగా పోయి, గూడూరు దగ్గర ఇంకో ఇల్లు పెట్టుకుని, ఇటు రావడం మానేశాడు. ముగ్గుర్ని కంటే మిగిలింది రెడ్డెమ్మ ఒక్కతే. బొప్పాయి తోటల్లో కాయలు కోసి, కాగితాలు చుట్టి, లారీలకెత్తి ఆ పిల్లను సాకింది. తర్వాత చెల్లెలి దగ్గర వదిలి గల్ఫుకొచ్చింది. ఏజెంటు కువైట్ అని చెప్పాడు. మా వైపు ఆడవాళ్ళకు గల్ఫంటే కువైటే. విమానం దిగాక గానీ ఇది సౌదీ అని ఆమెకు తెలియలేదు. "దిగినాక ఏం జేస్తాం రా ఉదయా, ఇది మా స్టాపు కాదంటే మళ్ళా ఎక్కనిస్తారా" అని నవ్వేది. అప్పట్లో నవ్వేది.

నేను ఇంజనీరింగు మధ్యలో వదిలేసి, ఇంట్లో తిట్లు పడలేక ఇక్కడికి డ్రైవరుగా వచ్చేనాటికి ఆమె ఆ ఇంట్లో పాత మనిషి. కఫీల్‌కు ఊరి బయట ఖర్జూరం తోటలున్నాయి. ఇంట్లో ఆయన, మేడమ్, మేడమ్ తల్లి ఉమ్ సాలిహ్ అనే ముసలావిడ ఉంటారు. వాళ్ళ కూతురు అరీజ్‌కు పెళ్ళయి అదే ఊళ్ళో వేరే ఇంట్లో ఉంది.

ఇక్కడా మన పుట్టింటి పద్ధతే. కాన్పయిన ఆడపిల్ల నలభై రోజులు తల్లి దగ్గరే ఉంటుంది. ఆ నలభై రోజులు బాలింతను చూసుకోవడంలో గురవమ్మకు మంచి పేరు. మెంతులు ఉడికించి, ఖర్జూరం, నెయ్యి కలిపి పెడుతుంది. నడుముకు బిగించి గుడ్డ కడుతుంది. మేడమ్ అక్కచెల్లెళ్ళు కూడా తమ ఇళ్ళల్లో కాన్పులప్పుడు ఆమెను అడిగి తీసుకుపోయేవాళ్ళు. శుక్రవారమైతే రాయచోటి వైపు ఆడవాళ్ళు, కోడూరు వైపు ఆడవాళ్ళు ఫోన్లు చేసి పాలు పడటం లేదని ఒకరు, ఏం తినాలని ఒకరు అడిగేవాళ్ళు. ఆమె చెప్పేది. తన అత్త తనకు ఏం చెప్పిందో అదే చెప్పేది. పచ్చి బాలింత నీళ్ళు తాగకూడదు. గాలి తగలకూడదు. చెడ్డ రక్తం ఎంత పోతే అంత మంచిది, దాన్ని ఆపకూడదు.

ఆమె మూడు కాన్పులూ ఇంట్లోనే, మట్టి నేల మీదే అయ్యాయి. ఒక్కో కాన్పుకీ మూడు రోజులు గుక్కెడు నీళ్ళివ్వలేదట. రక్తం పోయింది. బతికింది. బతికింది కాబట్టి పద్ధతి మంచిదనుకుంది. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. పద్ధతులు చెప్పేవాళ్ళంతా బతికి బయటపడ్డవాళ్ళు. అదే పద్ధతిలో పోయినవాళ్ళు లేచి వచ్చి మాకిట్లా అయిందని చెప్పరు. ఒక పక్క సాక్షులే నోరెత్తని పంచాయితీలో తీర్పు ఎట్లా వస్తుందో అట్లాగే వచ్చింది మన బాలింతల వైద్యమంతా.

ఆ ఫోను వచ్చినప్పుడు నేను పెరటి వంటగది గుమ్మం దగ్గర నీళ్ళ క్యాన్లు దింపుతున్నాను. రంజాన్ దగ్గర పడుతోంది. మండల కేంద్రంలో ఏదో నర్సింగ్ హోములో రెడ్డెమ్మకు కాన్పయింది, ఆడపిల్ల పుట్టింది. మర్నాడే మంచం ఖాళీ చెయ్యాలని ఇంటికి పంపించేశారు. గురవమ్మ ఫోనును పప్పుల డబ్బాకు ఆనించి పెట్టి, గరిటె తిప్పుతూనే మాట్లాడుతోంది. స్పీకరులో రెడ్డెమ్మ గొంతు నాకూ వినబడుతోంది.

"అమ్మా, శానా పోతాంది మా. గుడ్డలు మార్చేకొద్దీ తడిచిపోతాండాయి."

"పోనీలే బిడ్డా. చెడ్డ రక్తం అది. పోతేనే ఒళ్ళు తేలికపడేది."

"కళ్ళు తిరుగుతాండాయి."

"పచ్చి బాలింతకు తిరక్కుండా ఎట్లుంటాయి. పొణుకో. నీళ్ళు మాత్రం అడగొద్దు."

"మీ అల్లుడు ఆస్పత్రికి పోదామా అంటాండాడు."

"మీ అత్త ఏమంటాంది?"

"తెల్లారనీ అంటాంది."

"అయితే తెల్లారనీ. ఈ పొద్దులో పచ్చి బాలింతను ఎవరన్నా బండెక్కిస్తారా. గాలి కొడ్తుంది. ఆగు."

తెల్లవారకముందే ఒళ్ళు చల్లబడితే అప్పుడు ఆటో పిలిచారు. ఆటోలోనే పోయింది.

మేడమ్ వచ్చి గురవమ్మను పట్టుకుని ఏడ్చింది. అబద్ధం ఏడుపు కాదు, నిజంగానే ఏడ్చింది. ఊరికి పోవాలి, దేశం దాటనిచ్చే ఖురూజ్ అనుమతి పెట్టించమని అడిగితే మాత్రం "ఇస్బిరీ" అంది. ఓపిక పట్టు, ఆగు అని. రంజాన్ నెల, ఇల్లంతా చుట్టాలు, పండగ కానీ అంది. కఫీల్ ఫోనులో బొటనవేలితో నొక్కితే అయిపోయే పని అది. దానికోసం ఒక తల్లి నెల రోజులు సమోసాలు చుట్టింది. కూతుర్ని మట్టిలో పెట్టడం నా ఫోనులో చూసింది. మధ్యలో సిగ్నలు పోతే, మళ్ళీ వచ్చేసరికి మట్టి కప్పేశారు. పండగయ్యాక మళ్ళీ అడిగింది. అంతా అయిపోయాక ఇప్పుడు పోయి ఏం చేస్తావన్నారు.

"గొడవ చెయ్ అత్తా" అన్నాను.

"గొడవ జేస్తే నా బిడ్డ లేచొస్తుందా" అంది.

నెలలు గడిచాయి. పిల్లకు పేరు పెట్టలేదు. రామాంజి దాని మొహం చూడకూడదని అయ్యోరు చెప్పాడట. ఓ దూరపు చుట్టం దగ్గర పడేశారు. ఫోనులో అందరూ "ఆ పిల్ల" అనేవాళ్ళు. "తల్లిని మింగింది" అని కొందరు దాని ముందే అనేవాళ్ళు. దానికి అర్థం కాదు కాబట్టి నవ్వేది. ఈలోపు రామాంజికి చిట్వేలి వైపు నుంచి రెండో సంబంధం వచ్చింది. తల్లిని మింగిన పిల్ల మా పిల్ల కాపురంలో ఉండకూడదన్నారు వాళ్ళు. దాన్ని తిరుపతిలో ఏదో ఆశ్రమంలో వదిలెయ్యాలని ఓబులమ్మ తీర్మానించింది.

గురవమ్మ ఏడ్చింది. అయితే ఆమె కూడా నక్షత్రం మాటే నమ్మింది. శాంతి చేయిస్తే పోదా, ఎందుకు వదిలెయ్యడం అని బతిమాలుతోంది.

"పాలు తాగే పిల్ల హంతకురాలా అత్తా?" అన్నాను.

"నేనన్లేదు రా. అయ్యోరు జెప్పినాడు."

"అయ్యోరు ఎప్పుడన్నా కన్నాడా?"

"నోరు మూసుకోని ఆ క్యాను ఆడ పెట్టి పో."

చలికాలంలో అరీజ్‌కు మగపిల్లాడు పుట్టాడు. ఆస్పత్రి నుంచి నేరుగా తల్లి ఇంటికొచ్చింది. గురవమ్మే చూసుకుంటోంది. వారం తిరక్కముందే ఒక సాయంత్రం అరీజ్ గదిలోంచి కేకేసింది. పక్కబట్ట తడిసిపోయింది. ఉమ్ సాలిహ్ కర్ర తాటించుకుంటూ వచ్చి చూసి, "ఖల్లీ, ఖల్లీ" అంది. వదిలెయ్, లోపలి మురికి అది, పోతేనే మంచిది, పొద్దున్నే చూద్దాం అని. గురవమ్మ మెంతి గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి వింది. ఆ సంగతి తర్వాత నాకు చెప్పింది.

"నా మాటే రా. నా నోట్లోంచి ఊడి అరబ్బీలో పడినట్టు. ఒక్క మాట గూడా తేడా లేదు."

అరీజ్ అమ్మమ్మ మాట వినలేదు. తల్లిని కేకేసి, నన్ను కారు తియ్యమంది. రెండు సిగ్నళ్ళు దాటితే ఆస్పత్రి. మాయలో ఒక ముక్క లోపలే ఉండిపోయిందట. అది తీశారు, రక్తమెక్కించారు. రెండ్రోజుల్లో ఇంటికొచ్చి చాక్లెట్లు తింటూ కూర్చుంది. బతికినందుకు నాకు సంతోషమే. కానీ ఆ రెండ్రోజులూ నేను దేన్ని చూసినా తన్నాలనిపించింది. రెడ్డెమ్మకు బండి లేక కాదు. రామాంజి మోటారుసైకిలు వాకిట్లోనే ఉంది. రోడ్డుంది. కోడూరులో ఆటోలున్నాయి. లేనిదల్లా ముసలమ్మ మాట కాదని కారు తియ్యమనే నోరు. ఆ నోరు మన కోడళ్ళకు ఎవరిచ్చారు గనక.

తర్వాత అరీజ్‌ను చూపించడానికి ఆస్పత్రికి తీసుకుపోయినప్పుడు పసివాణ్ణి ఎత్తుకుని గురవమ్మ కూడా వచ్చింది. అక్కడ పర్వీన్ అని కడప నర్సు ఉంది. తెలుగు వినబడగానే గురవమ్మ ఆమెను వదల్లేదు.

"సిస్టరమ్మా, చెడ్డ రక్తం ఆపితే లోపల గడ్డ కట్టదా?"

"చెడ్డ రక్తం, మంచి రక్తం అని రెండుంటాయా ఏంది. ఉండేది ఒకటే రక్తం. బిడ్డ బయటికొచ్చినాక గర్భసంచి పిడికిలి బిగించినట్టు బిగుసుకోవాల. బిగుసుకోకపోయినా, లోపల ముక్క మిగిలినా, కొళాయి తిప్పి వదిలేసినట్టే. కొద్దికొద్దిగా కొన్నాళ్ళు పోవడం మామూలే. గుడ్డలు వెంటవెంటనే తడిచిపోతాంటే, కళ్ళు తిరుగుతాంటే మాత్రం ఒక్క నిమిషం ఆగకూడదు. అందులోనూ మన ఆడోళ్ళ ఒంట్లో ముందే రక్తముండదు. పోయేదానికి ఏముంది లోపల?"

"ఆగితే?"

పర్వీన్ ఆమె మొహం చూసి, ఎందుకడుగుతున్నావంది. గురవమ్మ మొత్తం చెప్పింది. పర్వీన్ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వు తెలీక చెప్పినావు. నీ తప్పేం లేదులే గురవమ్మా."

గురవమ్మ చెయ్యి లాక్కుంది. "తప్పు లేదని చెప్పమని నేనడగలా. ఆ పొద్దే పోయింటే బతికేదా, లేదా?"

"శానా మటుకు బతికేది" అంది పర్వీన్.

కారులో గురవమ్మ పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇల్లు చేరాక అంది, "అంటే ఆ పిల్ల మింగలేదు గదరా." నేను లేదన్నాను. "నక్షత్రం గాదు." కాదన్నాను. ఆమె దిగిపోయింది.

ఆ రోజు మొదలు ఆమెకు అదే పని. కనబడిన ప్రతి మనిషినీ అడిగేది: మీ ఇళ్ళల్లో కాన్పులో ఎవరన్నా పోయినారా, ఎట్ల పోయినారు, పక్కన ఎవరుండారు. పక్కింట్లో పనిచేసే కెన్యా అమ్మాయిని గోడ మీదుగా అడిగింది. వాళ్ళ పిన్ని పోయిందట. మొగుడి అన్న మోటారుసైకిలు తెస్తాడని ఆగమన్నారు. వానకు దారి తెగి అతను రాలేదు. తోటలో కాపలా ఉండే ముసలి యెమనీ ఉన్నాడు. నజ్రాన్ అవతల, సరిహద్దు దాటిన పక్క అతని ఊరు. అతని కోడలు పోయింది. ఆ వేళ రోడ్డు మీద కాల్పులు జరుగుతున్నాయి, తగ్గేదాకా ఆగమన్నారు సైనికులు. యెమనీ అరబ్బీ ఆమెకు అందక, అడగడానికి నన్ను వాడుకుంది. ఆ ముసలాయన చెప్తూ చెప్తూ ఖర్జూరపు మట్ట ఒకటి విరుస్తూనే ఉన్నాడు, పుల్లలు పుల్లలు చేసేదాకా.

వానలు వేరు, తుపాకులు వేరు, దేవుళ్ళు వేరు. మధ్యలో ఎవరో ఒకరు ఆగమన్నారు. ఆ సైనికులను పక్కన పెడితే, అలా అన్నవాళ్ళలో శత్రువులు ఎవరూ లేరు. అత్త, తల్లి, అమ్మమ్మ, ఇంటి పెద్దమనిషి. పైన కూర్చున్నవాళ్ళు ఇంకో రకం. మంచం కావాలని మర్నాడే పచ్చి బాలింతను పంపించేసినవాడు, రక్తముందో లేదో చూడకుండా సంతకం పెట్టినవాడు, గుండె ఆగిందని రాసి చేతులు కడుక్కున్నవాడు. వీళ్ళెవరూ ఏ నక్షత్రంలో పుట్టారో ఎవరూ అడగరు.

గురవమ్మ అడగడం జనానికి నచ్చలేదు. రాయచోటి నుంచి వచ్చిన ఏసీ మెకానిక్కు ఇష్తియాక్ భార్య షమీమ్‌కు ఏడో నెలని ఓ శుక్రవారం ఇంట్లో ఆడవాళ్ళను పిలిచారు. గురవమ్మను దింపి నేను బయట మెట్ల మీద కూర్చున్నాను. లోపల్నుంచి మాటలు వినబడుతున్నాయి.

"షమీమూ, నీ ఒంట్లో రక్తమెంతుందో చూపించుకున్న్యావా?"

"చూస్తారులే పిన్నమ్మా ఆస్పత్రిలో."

"ఎంతని జెప్పినారు? అడగల్యా? కాన్పయినాక ఎక్కువ పోతే మీ అత్తను అడగొద్దు, నన్ను అడగొద్దు. నేరుగా పో. నా బిడ్డ నన్ను అడిగే చచ్చింది."

"ఏమ్మే గురవమ్మా" అని ఎవరో పెద్దావిడ గొంతు, "గాజులేసేదానికి పిలిస్తే గోరీ కథలు చెప్తాండావే. కడుపుతో ఉండేదాని ముందర ఏం మాటలవి? తిని లెయ్."

ఆమె తినకుండానే లేచింది. ఆ తర్వాత బాలింతల సంగతి అడగడానికి ఆమెకు ఫోన్లు రావడం ఆగిపోయింది.

మిగిలింది ఉమ్ సాలిహ్. ఒక పూట వంటింట్లో ఇద్దరూ కూర్చుని ఖర్జూరాల్లో గింజలు తీస్తున్నారట. మీ ఇంట్లో ఎవరన్నా పోయినారా అని గురవమ్మ ఆమెనూ అడిగింది. ముసలావిడ చేతిలోని ఖర్జూరం గిన్నెలో పడేసిందట. తర్వాత తన అక్క గురించి చెప్పింది. పెట్రోలు డబ్బు ఇంకా వీళ్ళదాకా రాని కాలం, మట్టి ఇల్లు. అక్కకు మొదటి కాన్పయ్యాక, ఒళ్ళు గట్టిపడుతుంది, శుభ్రమవుతుంది అని లోపల ఉప్పు కూరారు. అప్పట్లో అది పద్ధతి. మంటకు అక్క అరిస్తే ఓర్చుకోమన్నారు. ఉప్పుకు దారి కాలి, మాని, ముడుచుకుపోయింది. రెండో కాన్పుకు బిడ్డ బయటికి రాలేక లోపలే పోయింది, వెంటే అక్క పోయింది.

"ఉప్పు పెట్టిందెవరు?" అని గురవమ్మ అడిగింది.

"మా అమ్మ."

"ఆమె ఏమనింది?"

"అల్లా తీసుకున్నాడంది. చచ్చిపోయేదాకా అదే అంది. మేమూ అదే అన్నాం. ఇంకేమంటాం? అమ్మ కదా." తర్వాత ముసలావిడ ఇంకో మాట అందట. "నాకు పెళ్ళయి కాన్పయినప్పుడు మళ్ళీ ఉప్పు తెచ్చింది."

ఈ మాట నాకు చెప్పి గురవమ్మ, "సూడు రా ఉదయా, ఒప్పుకోకపోతే ఇంకోదానికి గూడా తెస్తారు" అంది. అని, రామాంజికి ఫోన్ కలపమంది. వాళ్ళమ్మ, అయ్యోరిని నమ్మేవాళ్ళు, అందరూ కూర్చున్నప్పుడు కలపమంది.

నేను ఏం మాట్లాడాలో చెప్పబోయాను. "నర్సింగ్ హోము వాళ్ళను ముందు పెట్టత్తా. తర్వాత ఓబులమ్మ. తెల్లారనీ అన్నది ఆమే. నీ సంగతి ఎందుకు, నువ్వు ఇక్కడ ఇన్ని వేల మైళ్ళ దూరంలో ఉన్నావు. నువ్వు ఒప్పుకుంటే మిగతావాళ్ళంతా నీ వెనక దాక్కుంటారు."

"నన్ను తీసేసి చెప్తే వాళ్ళూ వాళ్ళను తీసేసుకుంటారు రా. చివరికి మళ్ళా ఆ పిల్లే మిగుల్తుంది."

ఆ మాటకు ఎదురు చెప్పగలిగి ఉంటే ఈ కథ రాసేవాణ్ణే కాదు.

ఆదివారం మధ్యాహ్నం ఫోను కలిపాను. ఓబులమ్మ, రామాంజి, వాళ్ళ చిన్నాన్న గురవయ్య, ఇంకా ఇద్దరు ముగ్గురు ఇరుక్కుని కూర్చున్నారు. ఆశ్రమం మాట ఎత్తబోయిన గురవయ్యను గురవమ్మ ఆపింది.

"ముందు నా మాట ఇనండి. నా బిడ్డను జంపింది నేను. రక్తం పోతాంది మా అంటే పోనీ అన్న్యా. ఆస్పత్రికి పోతామంటే ఆగమన్న్యా. రెండోది ఒదినె, నువ్వు. తెల్లారనీ అన్న్యావు. మూడోది నాయనా రామాంజీ, నువ్వు. పోదామా అనైతే అన్న్యావు, లెయ్యలా. ఆ నర్సింగోము వాళ్ళు మంచం ఖాళీ చేపిచ్చినారు. ఇందరం ఉండాం. ఆ పిల్ల ఏం జేసింది? పుట్టింది."

"ఏమంటాండావు గురవమ్మా" అని ఓబులమ్మ లేచింది. "నేనా జంపింది? నా కోడల్ని నేను జంపుకుంటానా? అరబ్బు దేశంలో కూర్చోని మతి పోయిందా నీకు?"

"పోయింటే బాగుండు. పోలా."

"అయ్యోరు పుస్తకం తీసి జెప్పినాడు రెండో పాదమని."

"పుస్తకంలో రక్తముందా ఒదినె? ఒంట్లో ఉండేది పోయింది. మనం పోనిచ్చినాం."

రామాంజి తల వంచుకుని ఉన్నాడు. గురవయ్య ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "నేను తాళాలు తీసుకున్న్యా అత్తా" అన్నాడు. "బండి దాకా పోయినా. అమ్మ పిల్చింది. మళ్ళా లోపలికొచ్చినా." అని లేచి ఫోను ముందునుంచి వెళ్ళిపోయాడు. ఏదో తలుపు ధడేలున వేసుకున్న శబ్దం వచ్చింది.

ఓబులమ్మ ఫోను దగ్గరికి లాక్కుంది. "అంత నాయం తెలిసినదానివి నువ్వే వచ్చి పెంచుకో ఆ పిల్లను. నీ బిడ్డ కన్నదే గదా. మా ఇంటికి మాత్రం అది వద్దు. ఈ నెల దాటితే తిరుపతి పంపించేస్తాం."

"వస్తాండా" అంది గురవమ్మ.

ఆ పొద్దే మేడమ్‌ను అడిగింది. ఈసారి చూసి రావడానికి కాదు, పూర్తిగా పంపించెయ్యమని. మేడమ్ పాపం బాధపడుతూనే "ఇస్బిరీ" అంది. అరీజ్ నలభై రోజులు కానీ, ఇంత మంచి మనిషి మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది అంది. మేడమ్ కూతురికి మంచి మనిషి దొరికేదాకా గురవమ్మ కూతురి కూతురు ఆశ్రమంలో ఉండాలన్నమాట.

మర్నాడు పొద్దున నేను కారు తుడుస్తుంటే గురవమ్మ సంచి పట్టుకుని వచ్చి వెనక సీట్లో కూర్చుంది.

"ఎక్కడికత్తా?"

"యాడికీ గాదు. ఈడే."

అంతే. వంటింట్లోకి పోలేదు. మేడమ్ వచ్చి అరిచింది. ఆమె సీటు బెల్టు పెట్టుకుంది. కఫీల్ వచ్చి నన్ను తిట్టాడు. నేనేం చేస్తాను, నా కారు కాదు, ఆయన కారే. పోలీసుకు చెప్తానన్నాడు. "చెప్పు బాబా. అడిగితే ఎందుకు కూర్చున్న్యానో చెప్తా" అంది వచ్చీరాని అరబ్బీలో. పొద్దెక్కింది. ఇంట్లో వంట లేదు.

అప్పుడు ఉమ్ సాలిహ్ కర్ర తాటించుకుంటూ వాకిట్లోకి వచ్చింది. తిట్టడానికనుకున్నాను. తలుపు తియ్యమని నాకు సైగ చేసింది. తీశాను. మూలుగుతూ ఎక్కి గురవమ్మ పక్కన కూర్చుంది. అల్లుణ్ణి పిలిచింది.

"దీనికి ఖురూజ్ పెట్టు."

"పెడతాను అమ్మా. కొన్నాళ్ళు ఆగనీ."

"ఇక ఆగింది చాలు" అంది ముసలావిడ. "అది దిగేదాకా నేనూ దిగను. నా షుగరు మాత్రలు వేళకు వేసుకోవాలి, తినకుండా వేసుకోలేను. నీ ఇష్టం."

కఫీల్ కాసేపు అటూ ఇటూ తిరిగి, జేబులోంచి ఫోను తీశాడు. బొటనవేలితో నొక్కాడు. ఇన్ని నెలలుగా దొరకని పని, అతని నుదుటి చెమట ఆరకముందే అయిపోయింది.

ఇప్పుడు ఆ పిల్ల గురవమ్మ దగ్గరే ఉంది, పల్లెలో పాత ఇంట్లో. రామాంజి పెళ్ళి చేసుకున్నాడు, అప్పుడప్పుడు చీకటి పడే వేళకు వచ్చి పిల్లను చూసిపోతాడట, అమ్మకు తెలియకుండా. ఓబులమ్మ వీధిలో ఇప్పటికీ మింగిన పిల్ల అనే అంటారు. తల్లి ఎట్లా పోయిందని ఎవరన్నా ఆ పిల్ల ముందు ఎత్తితే గురవమ్మ చేస్తున్న పని ఆపి, తన పేరు మొదలుపెట్టి అందరి పేర్లూ చెప్తుంది. వినేవాళ్ళు మెల్లగా జారుకుంటారు.

మొన్న ఫోన్ చేస్తే వెనక ఏదో కేకలు వినబడుతున్నాయి. ఏమిటన్నాను. నాలుగిళ్ళవతల కడుపుతో ఉన్న అమ్మాయికి గురవమ్మ పోయి, రక్తం పోతే ఎవర్నీ అడక్కుండా ఆస్పత్రికి పో, మీ అత్త ఆగమన్నా ఆగొద్దు అని చెప్పిందట. ఆ అత్త ఇంటి మీదికొచ్చింది.

"మా కోడల్ని భయపెడ్తాండాది ఈమె" అని ఆ అత్త అరుస్తోంది.

గురవమ్మ ఫోను చెవి దగ్గర నుంచి తియ్యకుండానే ఆమెకు జవాబు చెప్పింది.

"భయపడనీ. ఇన్నాళ్ళూ ధైర్యం జెప్పే గదా జంపినాం."